గుంపులో గుండె దడదడలాడినప్పుడు

 

మన ఇళ్ళలో జ్వరం వస్తే చెప్పుకుంటాము. మోకాళ్ళు నొప్పి పెడితే చెప్పుకుంటాము. కాని కిక్కిరిసిన బస్సులోనో, బ్యాంకు వరుసలోనో, శాదీఖానాలో దస్తర్‌ఖాన్ ముందో, జుమా నాడు మస్జిదులో నడిమి వరుసలోనో ఏ కారణమూ కనిపించకుండా గుండె దడదడలాడి, ఊపిరి అందక, అరచేతులు చెమర్చి, "ఇక నా పని అయిపోయింది" అనిపించే స్థితిని గురించి మాత్రం ఎవరికీ చెప్పుకోము. చెబితే పిచ్చి అంటారేమోనని ఒక భయం. ఈమాన్ బలహీనమైనదంటారేమోనని మరొక భయం. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉంటే, సంబంధాలు తప్పిపోతాయేమోనని తల్లిదండ్రులకు వేరొక భయం. ఇన్ని భయాల కింద అసలు భయం అణగిపోయి, లోలోపల వేళ్ళూనుకుంటుంది. ఈ నెల ఆ సంగతిని విప్పి చూద్దాము.

కాపలాదారు కేక

ఈ స్థితిని వైద్యులు పానిక్ ఎటాక్ అంటారు. మన పెద్దవారు ఘబ్రాహట్ అనో, గాభరా అనో అంటారు. ఇందులో శరీరం చేస్తున్న పని ఏమిటో తెలుసుకుంటే సగం భయం అక్కడికక్కడే తగ్గుతుంది.

అల్లాహ్ మానవ దేహంలో ఒక కాపలాదారును నియమించాడు. పొలం గట్టున నడుస్తుండగా కాలి దగ్గర పాము కనిపిస్తే, మనము ఆలోచించే లోపుననే కాలు వెనక్కి పడుతుంది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం అపాయాన్ని చాటుతుంది. మూత్రపిండాల పైనుండే గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పుంజుకొని కండరాలకు రక్తాన్ని పంపుతుంది. శ్వాస వడివడిగా సాగుతుంది. చెమట పట్టి ఒంటిని చల్లబరుస్తుంది. పారిపోవడానికో, ఎదిరించడానికో దేహం ఈ విధంగా సిద్ధమవుతుంది. ప్రాణరక్షణకు ప్రసాదించబడిన వరమిది. గాభరా వచ్చినప్పుడు జరిగేదీ అక్షరాలా ఇదే. భేదం ఒక్కటే: అక్కడ పాము ఉండదు. కాపలాదారు పొరపాటున కేక వేశాడు, అంతే.

ఆ తరువాత మరొక చిక్కు మొదలవుతుంది. వేగంగా ఊపిరి పీల్చి వదిలేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఉండవలసిన దానికన్నా తగ్గిపోతుంది. దానివల్ల తల తేలిపోయినట్లు, పెదవుల చుట్టూ, వేళ్ళ చివరలా తిమ్మిరి పట్టినట్లు, చుట్టూ ఉన్న లోకం కలలోదైనట్లు తోస్తుంది. గాలి చాలడం లేదని భ్రమించి మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు. బాధ ఇంకా పెరుగుతుంది. నిజానికి అక్కడ కొరవడినది గాలి కాదు, నెమ్మది.

ఈ కెరటం సాధారణంగా 10 నిమిషాల లోపున శిఖరానికి చేరి, 20 లేక 30 నిమిషాలలో సద్దుమణుగుతుంది. పడిపోతానేమోనని చాలామంది హడలిపోతారు. స్పృహ తప్పడం రక్తపోటు పడిపోయినప్పుడు జరుగుతుంది. గాభరాలో అది సాధారణంగా కొంత పెరుగుతుంది కాబట్టి స్పృహ తప్పడం అరుదు. గాభరా తనంతట తాను ప్రాణం తీయదు, మతి పోగొట్టదు. పురుషులలో కన్నా స్త్రీలలో ఇది సుమారు రెండింతలు ఎక్కువ. చాలామందికి యౌవనంలోనే మొదలవుతుంది.

ముందు చేయవలసిన పరీక్ష

అయితే ఒక హెచ్చరిక. మొదటిసారి ఇటువంటి లక్షణాలు కనిపించినప్పుడు "ఇది గాభరాయే" అని మనకు మనమే తీర్పు చెప్పుకోరాదు. ఛాతీ మధ్య బరువుగా ఉండి, నొప్పి ఎడమచేతికో, దవడకో, వీపుకో పాకినా, మెట్లెక్కేటప్పుడు పెరిగి కూర్చుంటే తగ్గినా గుండెజబ్బును అనుమానించాలి. 40 ఏళ్ళు దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, పొగాకు అలవాటున్నవారు ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.

థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినా, రక్తహీనత ఉన్నా, రక్తంలో చక్కెర పడిపోయినా ఇటువంటి దడే వస్తుంది. ఉదయం ఏమీ తినకుండా నాలుగు కప్పుల చాయ్ తాగి ఎండలో బయలుదేరేవారికీ రావచ్చు. వైద్యుడు ఒక ఈసీజీ, కొన్ని రక్తపరీక్షలు చేయిస్తాడు. అవి సవ్యంగా ఉంటే ఆ మాటను నమ్మాలి. ప్రతి నెలా కొత్త వైద్యుని దగ్గరకు పోయి మరొక ఈసీజీ తీయించుకోవడం వల్ల భయం తీరదు, పెరుగుతుంది.

ఇది విశ్వాస లోపమా?

మన సమాజంలో ఎక్కువగా వినిపించే మాట ఇదే: "నమాజు సరిగా చేస్తే గాభరా ఎందుకు వస్తుంది?" ఈ మాట అన్నవారు దివ్యఖుర్ఆన్‌లోని మూసా ప్రవక్త (అలైహిస్సలాం) గాథను మరొకసారి చదువుకోవాలి. చేతికర్ర సర్పంలా కదలాడినప్పుడు ఆయన వెనుదిరిగి పరుగెత్తారు. మాంత్రికుల త్రాళ్ళు పాకుతున్నట్లు కనిపించినప్పుడు ఆయన మనసులో భయం కలిగింది. ఫిరౌను సభకు వెళ్ళవలసి వచ్చినప్పుడు తన హృదయాన్ని విశాలపరచమని, నాలుక ముడిని విప్పమని వేడుకున్నారు. అంతటితో ఆగక, తన సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇవ్వమని అడిగారు. అల్లాహ్ ఆయనను మందలించలేదు. అడిగినది ప్రసాదించాడు.

నలుగురి ముందుకు వెళ్ళడానికి గుండె బిగుసుకుపోవడం, తోడు కోరడం సిగ్గుపడవలసిన విషయాలైతే ఒక మహాప్రవక్త నోట ఆ ప్రార్థన వెలువడి ఉండేది కాదు. భయం కలగడం మన చేతిలో లేదు. భయం కలిగినప్పుడు ఏమి చేస్తామన్నది మాత్రమే మన పని. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆందోళన నుండి, దుఃఖం నుండి తరచుగా అల్లాహ్ శరణు కోరేవారని, చాలాకాలం ఆయన సేవలో గడిపిన అనస్ (రజి) తెలిపారు. ఆ దుఆ మనకు నేర్పబడినదంటేనే, విశ్వాసికి కూడా ఆందోళన కలుగుతుందని అర్థం.

తప్పించుకునేకొద్దీ ఇరుకయ్యే లోకం

గాభరా చేసే అసలు నష్టం ఆ అరగంటలో లేదు. ఆ తరువాతి నెలలలో ఉంది. గుంటూరు సమీపంలోని ఒక పల్లె నుండి డిగ్రీ కళాశాలకు పోయివచ్చే విద్యార్థినిని ఊహించుకోండి. ఒక ఉదయం పల్లెవెలుగు బస్సులో నిలబడడానికి కూడా చోటు లేనప్పుడు ఆమెకు గాభరా వచ్చింది. దారిలోనే దిగిపోయింది. దిగిన కొద్దిసేపటికి కుదుటపడింది. "బస్సు దిగాను కాబట్టే బతికాను" అని మనసు లెక్క రాసుకుంది. నిజానికి దిగకపోయినా ఆ కెరటం తగ్గిపోయేదే. కాని ఆ సంగతి తెలుసుకునే అవకాశం మనసుకు దొరకలేదు.

మరునాటి నుండి ఆమె ఆటోలో వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆటోలోనూ దడ పుట్టింది. అన్న మోటారు సైకిలు మీద దింపసాగాడు. ఆ పైన బంధువుల పెళ్ళికి రానన్నది. తరువాత బజారుకు రానన్నది. చివరకు "అమ్మీ, ఇక చదవలేను" అన్నది. తల్లి, "పోనీలే బేటీ, ఇంట్లోనే ఉండు" అని దగ్గరకు తీసుకున్నది. అన్న, "నాటకాలు" అని విసుక్కున్నాడు. ఒకరిది ప్రేమ, మరొకరిది కోపం. రెంటి ఫలితమూ ఒకటే: ఆ పిల్ల లోకం గడప దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఒక చదువు, ఒక ఉద్యోగం, ఒక జీవితం ఈ విధంగా చప్పుడు లేకుండా చేజారిపోతాయి.

ఆ పది నిమిషాలలో ఏమి చేయాలి?

గాభరా మొదలైనప్పుడు వీలైతే అక్కడే ఉండండి. పారిపోవద్దు, పోరాడవద్దు. "ఇది గాభరా. ఇదివరకూ వచ్చింది, వెళ్ళిపోయింది. ఇప్పుడూ వెళ్ళిపోతుంది" అని మనసులో చెప్పుకోండి.

ఊపిరిని లోతుగా కాక నెమ్మదిగా తీసుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. పొట్ట కదలాలి, భుజాలు ఎగరరాదు. ఐదు నిమిషాలు ఇలా చేస్తే తిమ్మిరి తగ్గుముఖం పడుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయడం వంటి పాత చిట్కాలను ఆశ్రయించకండి. ఉబ్బసమో, గుండెజబ్బో ఉన్నవారికి అది అపాయకరం.

చూపును బయటకు మళ్ళించండి. కంటికి కనిపించే ఐదు వస్తువులను, చెవికి వినిపించే మూడు శబ్దాలను గుర్తించండి. అరికాళ్ళు నేలను తాకుతున్న తీరును గమనించండి. లోపలి దడనే వింటూ కూర్చున్న మనసుకు ఇది మరొక పని.

జిక్ర్ గురించి ఒక మాట. ఊపిరి వదిలేటప్పుడు మెల్లగా "అల్లాహ్" అనడం ఎంతో నెమ్మదినిస్తుంది. కాని "ఇది వందసార్లు అనకపోతే చచ్చిపోతాను" అనే కంగారుతో వడివడిగా పఠిస్తే, అది స్మరణ కాక భయానికి మరొక రూపమవుతుంది. స్మరణ ప్రభువు సాన్నిధ్యం కోసం. దడ ఆగిందా లేదా అని పరీక్షించుకోవడానికి కాదు. దడ ఉన్నా సరే, ఆయన ఉన్నాడన్న ఎరుక కోసం.

మెట్టు మెట్టుగా

పోగొట్టుకున్న లోకాన్ని తిరిగి పొందే మార్గం ఒకటే: తప్పించుకున్న చోటికి కొద్దికొద్దిగా మళ్ళీ వెళ్ళడం. వెయ్యేళ్ళకు పూర్వమే మన పండితులలో ఒకరు ఈ దారిలో ఆలోచించారు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 934లో మరణించారు. దేహానికి, మనసుకు మేలు చేసే విషయాలపై ఆయన రాసిన గ్రంథం పేరు మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్. అందులో ఆయన కోపం, భయం, దుఃఖం, వేధించే ఆలోచనలు అని మనోవ్యథలను వేరువేరుగా వివరించారు. భయపడే విషయానికి కంటినీ చెవినీ క్రమంగా అలవాటు చేయాలన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మందులు దాచుకున్నట్లు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసి ఉంచుకోవాలని కూడా బోధించారు. నేటి మనోవైద్యులు సి.బి.టి. అనే పద్ధతిలో చేయించే సాధన దీనికి ఎంతో దగ్గర.

పైన చెప్పిన విద్యార్థినికి ఆ మెట్లు ఇలా ఉండవచ్చు. మొదట అన్నతో కలిసి బస్టాపులో పావుగంట నిలబడడం. తరువాత రద్దీ లేని వేళ బస్సెక్కి, తలుపు దగ్గర కూర్చుని, మరుసటి స్టాపులో దిగడం. ఆపైన నాలుగు స్టాపుల ప్రయాణం. ఆ తరువాత అన్న వెనుక సీటులో ఉండగా గుంటూరు వరకు వెళ్ళడం. పిమ్మట మధ్యాహ్నం వేళ ఒంటరి ప్రయాణం. చివరి మెట్టు, ఉదయపు రద్దీలో ఒంటరిగా కళాశాలకు వెళ్ళడం.

ప్రతి మెట్టు మీదా భయానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోవాలి. ఎనిమిది ఉన్నది నాలుగుకు దిగేవరకు అదే మెట్టును పలుమార్లు ఎక్కాలి. ఒకనాడు జారినా నేరం కాదు, కింది మెట్టు నుండి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మంచి ఆలోచనల మందులపెట్టెగా ఒక చిన్న అట్ట ముక్క మీద నాలుగు వాక్యాలు రాసి పర్సులో పెట్టుకుంటే, అవసరమైన వేళ చదువుకోవచ్చు.

మస్జిదులో, సభలలో

జుమా నమాజుకు వెళ్ళాలంటే భయపడే యువకులు మన మధ్య ఉన్నారు. సజ్దా చేసి లేచేసరికి చుట్టూ మనుషులు, ముందుకూ వెనక్కూ దారి లేదు. అటువంటి వారు కాస్త ముందుగా వెళ్ళి తలుపు వైపు వరుస చివర నిలబడవచ్చు. నిలబడలేనంత దడ వస్తే కూర్చుని నమాజు పూర్తి చేయవచ్చు. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు అనుమతించారు. తక్కిన వివరాలను మీకు నమ్మకమైన ధర్మవేత్తను అడిగి తెలుసుకోండి. వ్యాధి వేళ ధర్మం ఇచ్చే వెసులుబాటును వాడుకోవడంలో దోషం లేదు. అయితే ఆ వెసులుబాటు మెట్లలో ఒకటి కావాలి, శాశ్వత నివాసం కారాదు. తలుపు దగ్గర నాలుగు వారాలు నిలబడిన తరువాత రెండడుగులు లోపలికి జరగాలి.

మస్జిదు కమిటీల పెద్దలకు ఒక మనవి. ఎవరైనా నమాజు మధ్య బయటకు వెళితే "ఏం తొందర?" అని నలుగురిలో నిలదీయకండి. ఎవరికైనా గాభరా వస్తే చుట్టూ మూగకండి. చేతిలో తాళపుచెవులు పెట్టడం, ముక్కు దగ్గర చెప్పు ఉంచడం, ముఖాన నీళ్ళు కొట్టడం వంటివి మానండి. ఒక్కరు పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే చాలు.

ఖదీజా (రజి) ఇంటి పాఠం

ఇంటివారు ఎలా ప్రవర్తించాలన్న ప్రశ్నకు మనకు ఉత్తమమైన ఆదర్శం ఉంది. 610వ సంవత్సరంలో హిరా గుహలో తొలి దైవవాణి అవతరించిన తరువాత దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. దైవవాణి అనుభవాన్ని ఏ వ్యాధితోనూ పోల్చరాదు. మనము గ్రహించవలసినది ఆ వేళ హజ్రత్ ఖదీజా (రజి) నడుచుకున్న తీరును.

తనను కప్పమని ఆయన కోరగా, భయం తగ్గేవరకు దుప్పటి కప్పి ఉంచారు. ఆ తరువాత ఆయన చెప్పినదంతా విన్నారు. విన్నాక "ఏమీ కాదులే" అని తేల్చివేయలేదు. బంధుత్వాలను నిలుపుతారు, బలహీనుల భారం మోస్తారు, అతిథులను ఆదరిస్తారు అని ఆయన సుగుణాలను ఒక్కొక్కటిగా గుర్తుచేసి, అల్లాహ్ ఆయనను అవమానించడని ధైర్యం చెప్పారు. చివరకు, విషయం తెలిసిన పెద్దమనిషి వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకువెళ్ళారు.

మొదట ఊరట, పిమ్మట ఆధారంతో కూడిన ధైర్యం, ఆ తరువాత తెలిసినవారి సలహా. మన ఇళ్ళలో ఈ క్రమం తలకిందులవుతుంది. మొదట మందలింపు, తరువాత ఇరుగుపొరుగు సలహా, చివరకు మౌనం. భర్త భార్యతో, తల్లి కొడుకుతో, అత్తగారు కోడలితో పలకవలసిన మాట చిన్నదే: "నేను నీ పక్కనే ఉన్నాను. తగ్గనీ. తరువాత మాట్లాడుకుందాం." ఆ తరువాత ఆమె చేయవలసిన ప్రయాణాన్ని ఆమె బదులు మీరు చేయకండి. ఆమెతో కలిసి చేయండి.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

గాభరా పదే పదే వస్తున్నా, వస్తుందేమోనన్న దిగులుతో నెలకు పైగా బయటకు వెళ్ళడం మానుకుంటున్నా మనోవైద్యుని కలవాలి. మందులు వాడవచ్చునా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు దైవప్రవక్త (స) వాడమనే చెప్పారు. మనసు జబ్బుకు ఆ ఆజ్ఞ వర్తించదని ఎవరూ అనలేరు. దివ్యఖుర్ఆన్ పఠించి దుఆ చేయడం మంచిదే. దానికి వైద్యం అడ్డు కాదు, వైద్యానికి అది అడ్డు కారాదు. కాని "జిన్ను పట్టింది" అని వేలకు వేలు గుంజే ఆమిళ్ళ గడప తొక్కవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వచ్చిన మనోరోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున 25 మందికి పైగా కాలిపోయారు. వారిని అక్కడికి తీసుకువెళ్ళినవారిలో చాలామంది ప్రేమించే కుటుంబీకులే. ప్రేమ ఒక్కటే చాలదు, సరైన ద్వారం కూడా తెలియాలి.

ఆ ద్వారాలు నేడు దగ్గరలోనే ఉన్నాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని పౌరుల హక్కుగా గుర్తించింది, రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని ఆదేశించింది.

మందులు రాసిస్తే, వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని గుర్తుంచుకోండి. నాలుగు రోజులకే మానకండి, బాగున్నదని హఠాత్తుగా ఆపకండి. నిద్రమాత్రలను మందుల దుకాణంలో సొంతంగా కొని వాడితే అలవాటుపడే ప్రమాదం ఉంది. రమజాన్‌లో మాత్రల వేళలు మార్చడానికి ముందుగానే వైద్యుని సలహా తీసుకోండి.

ఈ పత్రిక చదువుతున్న మీ ఇంట్లోనే ఎవరో ఒకరు పెళ్ళికి రానంటూ, బస్సెక్కనంటూ, మస్జిదుకు తరువాత వెళతానంటూ కొంతకాలంగా సాకులు చెబుతూ ఉండవచ్చు. ఈ రాత్రి ఇషా తరువాత వారి పక్కన కూర్చుని, "నీకు బయట గాభరాగా ఉంటున్నదా?" అని ఒక్కసారి అడగండి. జవాబు వచ్చేవరకు మాట్లాడకుండా వేచి ఉండండి.

కరుణామయుడైన అల్లాహ్ మన హృదయాలను విశాలపరచుగాక! భయపడేవారికి తోడు నిలిచే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.